సున్నితమైన ఇన్‌పుట్‌కి ఎవరిని కాపలా పెట్టాలి? డయోడ్ నుంచి డిప్లీషన్ మాస్‌ఫెట్ దాకా ఒక రివ్యూ

ఇన్‌పుట్ ప్రొటెక్షన్ భాగాల ప్రకటనలన్నీ పల్స్ (క్షణకాలపు హై వోల్టేజీ దెబ్బ) వచ్చిన ఆ ఒక్క క్షణం గురించే మాట్లాడతాయి. ఎన్ని యాంపియర్లు తట్టుకుంటుంది, ఎన్ని నానోసెకన్లలో స్పందిస్తుంది, అంతే. పల్స్ ఎప్పుడో ఒకసారి వస్తుంది. మిగతా కాలమంతా ఆ భాగం సిగ్నల్ దారిలో ఊరికే కూర్చుంటుందా అంటే, కూర్చోదు. కాస్త లీకవుతుంది (మూసి ఉన్నా కొద్ది కరెంట్ కారుతుంది), కాస్త నాయిస్ కలుపుతుంది, కొన్ని పికోఫారాడ్‌ల కెపాసిటెన్స్ మోపుతుంది. పల్స్‌ని ఆపడం దాదాపు ప్రతి భాగానికీ వచ్చు. పల్స్ లేనప్పుడు నోరుమూసుకుని ఉండటం కొన్నిటికే వచ్చు. ఇక్కడ మార్కులు ప్రధానంగా ఆ రెండో గుణానికే.

ముందుగా, ఇన్‌పుట్ దేనికి చస్తుందో తేల్చుకోవాలి. చాలా ఆప్‌యాంప్‌ల (సిగ్నల్‌ని పెంచే చిప్‌ల) లోపల ప్రతి ఇన్‌పుట్ నుంచి రెండు సప్లై రైళ్లకూ (పాజిటివ్, నెగటివ్ సప్లై లైన్లకి) చిన్న డయోడ్లు ఉంటాయి. వాటి గుండా పోయే కరెంట్‌కి చాలా డేటాషీట్లు పెట్టే హద్దు 5 లేదా 10 మిల్లీయాంపియర్లు. కాబట్టి అసలు లెక్క వోల్టేజీది కాదు, కరెంట్‌ది. అది ఎటు పోతుంది, ఎంత పోతుంది అన్నదే ప్రశ్న. బైపోలార్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్లలో ఇంకో చిక్కుంది. ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంక్షన్ రివర్స్‌లో 6, 7 వోల్టులకే అవలాంచ్‌లోకి పోతుంది, అంటే అడ్డు తెగి కరెంట్ ఒక్కసారిగా పారుతుంది. పోయినా భాగం చావదు. గెయిన్ తగ్గుతుంది, తక్కువ ఫ్రీక్వెన్సీల్లో నాయిస్ పెరుగుతుంది, బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ తనకోసం లాక్కునే కరెంట్) పెరుగుతుంది. బోర్డు పనిచేస్తూనే ఉంటుంది, కొలతలు మాత్రం చెడిపోతాయి. పూర్తిగా చచ్చిన చిప్ కంటే ఈ సగం చచ్చిన చిప్పే ఎక్కువ రోజులు ఏడిపిస్తుంది. ఏడీ797, ఎల్‌టీ1028 లాంటి అతి తక్కువ నాయిస్ ఆప్‌యాంప్‌లలో దీన్ని తప్పించడానికే రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఎదురెదురుగా (ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి) డయోడ్లు పెట్టారు. నాయిస్ పెరగకుండా వాటికి సిరీస్ రెసిస్టర్ మాత్రం పెట్టలేదు. ఆ డయోడ్ల గుండా 25 మిల్లీయాంపియర్లు దాటకుండా చూసుకునే బాధ్యత డిజైన్ చేసేవాళ్లదే.

సిరీస్ రెసిస్టర్

అన్నిటికన్నా చవకైన భాగం, అన్నిటికన్నా నమ్మకమైనదీ ఇదే. దీన్ని తప్పుగా ఎంచుకునేవాళ్లూ అంతే ఎక్కువ. 1000 వోల్టుల పల్స్, 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ అనుకుందాం. కరెంట్ 100 మిల్లీయాంపియర్లు, ఆ క్షణంలో రెసిస్టర్‌లో 100 వాట్లు. పల్స్ 10 మైక్రోసెకన్లయితే మొత్తం శక్తి ఒక మిల్లీజౌల్, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది వోల్టేజీ రేటింగ్‌కి. సాధారణ 0805 సైజు చిప్ రెసిస్టర్‌కి అది 150 వోల్టులు, అంతకంటే పెద్దదైన 1206కి 200 వోల్టులు. ఒక్క 0805 మీద 1000 వోల్టులు పడితే లేజర్‌తో కోసిన గాడి దగ్గర స్పార్క్ పుట్టి రెసిస్టర్‌ని దాటేస్తుంది. అప్పుడు పల్స్ మొత్తం ఇన్‌పుట్ మీదే పడుతుంది.

కాబట్టి 1206 సైజు 2.2 కిలోఓమ్‌లవి ఐదు వరసగా పెట్టాలి. మొత్తం 11 కిలోఓమ్‌లు, 1000 వోల్టులకి 91 మిల్లీయాంపియర్లు. ఆప్‌యాంప్ హద్దుకి ఇది ఇంకా ఎక్కువే, దాన్ని పక్కకి మళ్లించడం కింద వచ్చే క్లాంప్ డయోడ్ల పని. ఇందులో ఇంకో లాభమూ ఉంది. ప్రతి రెసిస్టర్‌కీ రెండు చివరల మధ్య చిన్న కెపాసిటెన్స్ ఉంటుంది, వేగమైన అంచు దాని గుండా దూకేస్తుంది. 8 కిలోవోల్టుల స్టాటిక్ దెబ్బ 0.1 పికోఫారాడ్ గుండా 0.8 నానోకూలంబ్ ఛార్జి తోస్తుంది. అవతల నోడ్‌కి 20 పికోఫారాడ్‌లే ఉంటే అది 40 వోల్టులు. ఐదు రెసిస్టర్లు వరసలో ఉంటే ఈ దొంగదారి ఐదో వంతుకి తగ్గుతుంది. వాటిని మలుపులు తిప్పకుండా సరళరేఖలో పేర్చాలి. మొదటిదీ చివరిదీ పక్కపక్కనే వచ్చేలా మడిస్తే పెట్టిన లాభమంతా పోతుంది. పల్స్‌లు తరచుగా వచ్చే చోట థిన్ ఫిల్మ్ చిప్‌లు వద్దు. పల్స్‌కి రేటింగ్ ఇచ్చిన థిక్ ఫిల్మ్, మెల్ఫ్ (గొట్టంలా ఉండే రకం), కార్బన్ కాంపొజిషన్, ఈ మూడింటిలో ఒకటి పెట్టాలి. కార్బన్ కాంపొజిషన్‌లో శక్తి ఒక పలచని పొరలో కాక ఒళ్లంతా పంచుకుంటుంది. దాని విలువ ఏళ్ల మీద జరుగుతుంది కానీ, ప్రొటెక్షన్ రెసిస్టర్‌కి అది పట్టించుకోవాల్సిన విషయం కాదు.

దీనికి చెల్లించే మూల్యం నాయిస్. దాన్ని ఫ్రీక్వెన్సీ వెడల్పు వర్గమూలానికి, అంటే రూట్ హెర్ట్జ్‌కి, ఇన్ని నానోవోల్టులని కొలుస్తారు. ఒక కిలోఓమ్‌కి రూట్ హెర్ట్జ్‌కి 4 నానోవోల్టులు, 11 కిలోఓమ్‌లకి దాదాపు 13.5. సోర్స్, అంటే సిగ్నల్ పుట్టే భాగం, ఒక మెగాఓమ్ ఉన్న సెన్సరైతే దాని సొంత నాయిసే 129 నానోవోల్టులు, రెసిస్టర్‌ది అందులో కనిపించదు. అదే 50 ఓమ్‌ల కాయిల్ అయితే, 0.9 నానోవోల్టుల ఆప్‌యాంప్ కొని దాని ముందు 13.5 నానోవోల్టులు కూర్చోబెట్టడం శుద్ధ దండగ. బ్యాండ్‌విడ్త్ కూడా చూసుకోవాలి. 11 కిలోఓమ్‌లు, 10 పికోఫారాడ్‌లు కలిస్తే 1.4 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పడిపోవడం మొదలవుతుంది.

తీర్పు: సోర్స్ ఇంపెడెన్స్ ఎక్కువైతే కరెంట్ తగ్గించడానికి ఇంకేదీ వెతక్కండి, ఇదే.

1ఎన్4148, బీఏవీ99

ఇవి చిన్న సిగ్నల్ డయోడ్లు. క్లాంప్‌గా వాడితే, అంటే ఇన్‌పుట్ నుంచి రైళ్లకి కడితే, వోల్టేజీ హద్దు దాటగానే తెరుచుకుని కరెంట్‌ని పక్కకి మళ్లిస్తాయి. డ్రాయర్‌లో ఎప్పుడూ ఉంటాయి కాబట్టి అందరూ ముందు వీటినే పెడతారు. వేగంలో వంక లేదు, రికవరీ (తెరుచుకున్న డయోడ్ మళ్లీ మూసుకునే సమయం) 4 నానోసెకన్లు. లీకేజీ దగ్గరే వస్తుంది తంటా. 1ఎన్4148కి 20 వోల్టుల దగ్గర, 25 డిగ్రీల వేడిలో గరిష్ఠం 25 నానోయాంపియర్లు. అసలు విలువ దీనికంటే బాగా తక్కువే ఉండొచ్చు, కానీ ప్రతి 10 డిగ్రీలకీ సుమారు రెట్టింపవుతుంది. బాక్స్ లోపల 55 డిగ్రీలుంటే గది వేడిలో కొలిచిన విలువకి ఎనిమిది రెట్లు. పైగా 1ఎన్4148ది గాజు ఒళ్లు, వెలుతురు పడితే ఫోటోడయోడ్‌లా కరెంట్ ఇస్తుంది. మూత తీసి చూస్తే ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేనప్పుడు కూడా కనిపించే తప్పుడు వోల్టేజీ) మారుతుంది, మూత పెట్టగానే సర్దుకుంటుంది. ట్యూబ్‌లైట్ కింద పెడితే మెయిన్స్‌కి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో హమ్ వస్తుంది. గ్రౌండింగ్ తప్పేమోనని రోజులు వెతికిన హమ్‌లు కొన్ని నిజానికి ఈ గాజు డయోడ్ పనే. నల్ల రంగు పూస్తే తగ్గుతుంది కానీ, అంతదాకా వచ్చాక డయోడే మార్చడం మేలు.

ఆడియో లైన్ ఇన్‌పుట్‌కీ, 10 కిలోఓమ్‌ల లోపు సోర్స్‌లకీ ఇవి హాయిగా సరిపోతాయి. మెగాఓమ్ సోర్స్‌కి మాత్రం వద్దు.

షాట్‌కీ బీఏటీ54 గురించి ఒక్క ముక్క. లోపలి డయోడ్ కంటే ముందే తెరుచుకుంటుందని దీన్ని సిఫార్సు చేస్తారు. ఆ మాట నిజమే, కానీ 25 వోల్టుల దగ్గర లీకేజీ గరిష్ఠం 2 మైక్రోయాంపియర్లు. డిజిటల్ పిన్నుకి మంచిది, సున్నితమైన అనలాగ్ ఇన్‌పుట్‌కి కాదు.

బీఏవీ199

ఈ రివ్యూలో మొదటి మార్కు దీనికే. చిన్న ఎస్‌ఓటీ-23 ప్యాకేజీలో వరసగా రెండు డయోడ్లు. 75 వోల్టుల దగ్గర కూడా లీకేజీ మామూలుగా 3 పికోయాంపియర్లు, గరిష్ఠం 5 నానోయాంపియర్లు. ఈ రెండు అంకెల మధ్య వెయ్యి రెట్ల తేడా చూసి కంగారు పడక్కర్లేదు. పికోయాంపియర్ కొలవాలంటే ఒక్కో భాగానికీ చాలాసేపు పడుతుంది, అంత తీరిక ఫ్యాక్టరీ టెస్టర్‌కి ఉండదు. అందుకే గరిష్ఠాన్ని వదులుగా రాస్తారు. గ్యారంటీ కావాలంటే కొలిచి ఏరుకోవాలి. పైన ఒకటి, కింద ఒకటి డయోడ్ ఉండి సిగ్నల్ మధ్యలో ఉంటే రెండు లీకేజీలూ ఎదురెదురుగా కొంత కొట్టుకుపోతాయి కూడా. కెపాసిటెన్స్ ఒక్కో డయోడ్‌కి 2 పికోఫారాడ్‌లు. సర్జ్ ఒక మైక్రోసెకన్‌కి 4 యాంపియర్లు, ఒక మిల్లీసెకన్‌కి ఒక యాంపియర్. పైన లెక్కించిన 91 మిల్లీయాంపియర్లు దీనికి ఒక లెక్క కాదు.

లోపం లేదా? ఉంది. రికవరీ సమయం 3 మైక్రోసెకన్ల దాకా పోతుంది. పల్స్ వెళ్లిన మరుక్షణమే చిన్న ప్రతిధ్వనిని వినాల్సిన పనికి, అంటే అల్ట్రాసౌండ్ రిసీవర్ లాంటిదానికి, ఇది మందకొడి. అక్కడ బీఏవీ99 మెరుగు, సోర్స్ ఇంపెడెన్స్ కూడా తక్కువే కాబట్టి లీకేజీ బాధించదు.

ఇంకో ప్రమాదం పేరులోనే ఉంది. బీఏవీ99, బీఏవీ199 పిన్నులు ఒక్కటే, రూపం ఒక్కటే, పేరులో ఒక్క అంకె తేడా. రీళ్లు తారుమారైతే బోర్డు పనిచేస్తుంది, లీకేజీ మాత్రం వందల రెట్లు. కనిపెట్టే ఉపాయం తేలికే. 10 వోల్టుల సప్లై, రివర్స్‌లో డయోడ్, దానికి వరసలో 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టిన డిజిటల్ మల్టీమీటర్. మీటర్ ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లైతే ఒక మిల్లీవోల్టు అంటే 100 పికోయాంపియర్లు. బీఏవీ99 అయితే అంకెలు స్పష్టంగా పైకి లేస్తాయి, మంచి బీఏవీ199 అయితే సున్నా దగ్గరే ఉంటాయి. వేళ్లతో ముట్టుకున్న డయోడ్‌ని ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి, లేకపోతే కొలిచేది డయోడ్ లీకేజీ కాదు, చెమట లీకేజీ.

బీఏవీ199 చేతిలో లేకపోతే 2ఎన్3904 ట్రాన్సిస్టర్ కలెక్టర్-బేస్ జంక్షన్ వాడొచ్చు, ఎమిటర్‌ని ఊరికే వదిలేసి. లీకేజీ పికోయాంపియర్ల స్థాయిలో ఉంటుంది, 60 వోల్టులు ఓర్చుకుంటుంది. బేస్-ఎమిటర్ జంక్షన్ మాత్రం వద్దు, అది 6 వోల్టులకే లొంగుతుంది. ఇంకా కింద, పికోయాంపియర్ కూడా ఎక్కువే అనుకునే ఎలక్ట్రోమీటర్ (అతి చిన్న కరెంట్లు కొలిచే పరికరం) పనికి 2ఎన్4117ఏ జేఫెట్ ఉంది. ఈ ట్రాన్సిస్టర్ డ్రెయిన్, సోర్స్ కాళ్లు రెండూ కలిపేస్తే వాటికీ గేట్ కాలికీ మధ్య ఉండేది ఒక డయోడ్. 20 వోల్టుల దగ్గర గరిష్ఠ లీకేజీ ఒక పికోయాంపియర్. పీఏడీ5 కూడా అదే జాతి డయోడ్, గరిష్ఠం 5 పికోయాంపియర్లు. జేఫెట్ గేట్ 50 మిల్లీయాంపియర్లకి మించి ఓర్వదు కాబట్టి ముందున్న రెసిస్టర్‌ని పెంచాలి. 1000 వోల్టులకి 11 కిలోఓమ్‌లు చాలవు, 47 అయినా ఉండాలి.

డయోడ్ రెండో కాలు ఎక్కడ కట్టాలి?

భాగాల కంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సప్లై రైలుకి కట్టేస్తే సరి అనుకుంటారు. పల్స్ కరెంట్ రైల్లోకి పోయాక అక్కడి నుంచి ఎటు పోవాలి? మామూలు లీనియర్ రెగ్యులేటర్‌కి కరెంట్ ఇవ్వడమే వచ్చు, తీసుకోవడం రాదు. బోర్డు మొత్తం 3 మిల్లీయాంపియర్లు తింటుంటే, డయోడ్ గుండా 91 వస్తుంటే, మిగిలిన 88 రైలు వోల్టేజీని పైకి తోస్తాయి. 10 మైక్రోసెకన్ల పల్స్ అయితే 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ 0.1 వోల్టులోపే సర్దేస్తుంది. అదే కరెంట్ 10 మిల్లీసెకన్లు ఉంటే, మింగేది ఇంకేదీ లేకపోతే, లెక్క ప్రకారం 90 వోల్టులు. అంటే ఇన్‌పుట్‌ని కాపాడి బోర్డంతా కాల్చడం.

మందు రెండు రకాలు. రైలు మీదే దాని మామూలు విలువకి కాస్త పైన జెనర్ గానీ టీవీఎస్ గానీ (రెండూ ఒక వోల్టేజీ దాటితే కరెంట్‌ని గ్రౌండ్‌కి మళ్లించే డయోడ్లే) పెట్టడం ఒకటి. రెండోది ఇంకా శుభ్రమైనది: క్లాంప్‌కి వేరే చిన్న రైళ్లు తయారుచేయడం. సప్లై నుంచి రెసిస్టర్‌తో జెనర్‌కి కొద్ది కరెంట్ ఇచ్చి, పక్కన ఒక మైక్రోఫారాడ్ సిరామిక్ పెట్టి, ఇన్‌పుట్ మామూలు పరిధికి ఒక వోల్టు బయట ఆ రైళ్లను నిలబెట్టాలి. బీఏవీ199 కాళ్లు వాటికి కట్టాలి. అప్పుడు పల్స్ కరెంట్ ఆప్‌యాంప్ సప్లై వైపు తొంగి కూడా చూడదు.

ఇంకో సంగతి, చాలా సర్క్యూట్లలో మరిచిపోయేది. 90 మిల్లీయాంపియర్ల దగ్గర క్లాంప్ డయోడ్ మీద సుమారు ఒక వోల్టు ఉంటుంది. ఆప్‌యాంప్ లోపలి డయోడ్ 0.6, 0.7 వోల్టులకే తెరుచుకుంటుంది. అంటే క్లాంప్‌ని సప్లై రైలుకే కడితే బయటి డయోడ్ కంటే లోపలిదే ముందు కరెంట్ తీసుకుంటుంది. క్లాంప్‌కీ ఆప్‌యాంప్ పిన్నుకీ మధ్య ఇంకో చిన్న రెసిస్టర్ పెడితే ఈ గొడవ తీరుతుంది. 330 ఓమ్‌లు పెడితే మిగిలిన 0.3, 0.4 వోల్టు తేడాకి పిన్నులోకి ఒక మిల్లీయాంపియర్ దాకానే పోతుంది.

ట్రాన్స్‌ఇంపెడెన్స్ యాంప్లిఫయర్లలో (కరెంట్‌ని వోల్టేజీగా మార్చేవి), ఛార్జ్ యాంప్లిఫయర్లలో అదృష్టం కొద్దీ ఇంకా తేలిక. ఇన్‌పుట్ నోడ్ వర్చువల్ గ్రౌండ్, అంటే ఆప్‌యాంప్ దాన్ని సున్నా వోల్టుల దగ్గరే పట్టి ఉంచుతుంది, కాబట్టి అక్కడి నుంచి గ్రౌండ్‌కి ఎదురెదురుగా రెండు డయోడ్లు చాలు. వాటి మీద ఉండే వోల్టేజీ ఆప్‌యాంప్ ఆఫ్‌సెట్ మాత్రమే, ఒక మిల్లీవోల్టు లోపే. లీకేజీ దాదాపు మాయమవుతుంది. నాయిస్ మాత్రం మాయం కాదు. సున్నా వోల్టుల దగ్గర డయోడ్ ఒక రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుంది. 1ఎన్4148 రకానికి అది పది ఇరవై మెగాఓమ్‌ల స్థాయి. 10 మెగాఓమ్‌లంటే రూట్ హెర్ట్జ్‌కి 40 ఫెమ్టోయాంపియర్ల నాయిస్. ఒక గిగాఓమ్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఇచ్చే నాయిస్ 4 ఫెమ్టోయాంపియర్లే, అంటే డయోడే పది రెట్లు గోల చేస్తోంది. ఇక్కడ కూడా బీఏవీ199 గానీ జేఫెట్ గేట్ గానీ ఎందుకు కావాలో ఇది చెబుతుంది.

ఎల్‌ఎన్‌డీ150, డీఎన్2540: డిప్లీషన్ మాస్‌ఫెట్ జత

తక్కువ నాయిస్ కావాలి, రెసిస్టర్ పెట్టలేం, పల్స్ మాత్రం వందల వోల్టులు. ఈ పనికి ఇంత చక్కగా కుదిరిన భాగం మరొకటి లేదు. డిప్లీషన్ మాస్‌ఫెట్ గేట్ మీద వోల్టేజీ లేకపోయినా ఆన్‌లోనే ఉంటుంది, ఒక హద్దు దాటిన కరెంట్‌ని తనంతట తానే ఆపుతుంది. సప్లై అక్కర్లేదు, బోర్డుకి పవర్ లేనప్పుడు కూడా కాపలా ఉంటుంది.

ఎల్‌ఎన్‌డీ150లు రెండు తీసుకుని రెండు సోర్స్‌లూ రెండు గేట్లూ నాలుగూ ఒకే చోట కలపాలి. ఒక డ్రెయిన్ బయటికి, రెండో డ్రెయిన్ యాంప్లిఫయర్ వైపు. ఏ దిక్కు పల్స్ వచ్చినా ఒకటి ఆపుతుంది, ఇంకొకటి దారిస్తుంది. ఓర్చుకునేది 500 వోల్టులు, దాటనిచ్చేది 1 నుంచి 3 మిల్లీయాంపియర్లు. రెండూ కలిపి మామూలుగా 1.7 కిలోఓమ్‌లు, అంటే రూట్ హెర్ట్జ్‌కి సుమారు 5.3 నానోవోల్టులు. ఇదే పని రెసిస్టర్‌తో చేయాలంటే 500 వోల్టులకి 3 మిల్లీయాంపియర్లు, అంటే 167 కిలోఓమ్‌లు, 52 నానోవోల్టులు. పదింతల తేడా.

5 నానోవోల్టులు కూడా ఎక్కువైతే డీఎన్2540. 400 వోల్టులు, ఆన్ రెసిస్టెన్స్ గరిష్ఠం 25 ఓమ్‌లు. ఇది తనంతట తానైతే 150 మిల్లీయాంపియర్లకి పైనే వదులుతుంది కాబట్టి రెండు సోర్స్‌ల మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, ఒక్కో గేట్‌ని ఆ రెసిస్టర్ అవతలి చివరకి కట్టాలి. 100 ఓమ్‌లు పెడితే హద్దు సుమారు 15 నుంచి 30 మిల్లీయాంపియర్లలో ఎక్కడో పడుతుంది. గేట్ థ్రెషోల్డ్ ఒక్కో ముక్కకీ మారుతుంది కాబట్టి ఇంత వెడల్పు. మొత్తం 150 ఓమ్‌లు, 1.6 నానోవోల్టులు.

రెండిటికీ తప్పనిసరి షరతు: వెనకాల క్లాంప్ డయోడ్లు ఉండాలి. మాస్‌ఫెట్ కరెంట్‌ని తగ్గిస్తుంది, ఆ తగ్గిన కరెంట్‌కి కూడా ఒక దారి కావాలి. పైగా వేగమైన అంచు వస్తే డ్రెయిన్ కెపాసిటెన్స్ గుండా కొంత ఛార్జి దూకుతుంది. ఎల్‌ఎన్‌డీ150లో 2 పికోఫారాడ్‌లు, 500 వోల్టులు, అంటే ఒక నానోకూలంబ్. బీఏవీ199 దాన్ని మింగేస్తుంది. రెండో షరతు వేడి. 500 వోల్టులు, 3 మిల్లీయాంపియర్లు అంటే 1.5 వాట్లు. టీఓ-92 ప్యాకేజీ ఒళ్లు దాన్ని క్షణాలపాటు భరిస్తుంది, నిలకడగా భరించదు. పొరపాటున ఎవరో ఇన్‌పుట్‌ని హై వోల్టేజీ సప్లైకి తగిలించి వదిలేస్తే ఇది కాలుతుంది, కాలిన మాస్‌ఫెట్ తరచుగా షార్ట్ అవుతుంది. బయటి వైపు ఒక చిన్న ఫ్యూజబుల్ రెసిస్టర్ (కరెంట్ ఎక్కువైతే ఫ్యూజ్‌లా తెగేది) చేర్చడం మంచి అలవాటు.

ఇదే ఆలోచనని ఒక చిప్‌లో పెట్టి అల్ట్రాసౌండ్ కోసం అమ్మేది ఎండీ0100. రెండే కాళ్లు, ±100 వోల్టులు, ఆన్‌లో 15 ఓమ్‌లు, దాని మీద వోల్టేజీ 2 వోల్టుల దరిదాపుల్లోకి వస్తే 20 నానోసెకన్లలో దారి తెంచేస్తుంది. తెంచాక కూడా 200 మైక్రోయాంపియర్ల స్థాయిలో కరెంట్ పోతుంది, కాబట్టి రిసీవర్ వైపు ఎదురెదురు డయోడ్లు దీనికీ కావాలి. ట్రాన్స్‌మిట్ పల్స్ 100 వోల్టుల లోపైతే చేత్తో కట్టిన ఏ జత కంటేనైనా ఇది నయం. మాటిమాటికీ మెగాహెర్ట్జ్ పల్స్‌లు వచ్చే పనికే దీన్ని పుట్టించారు.

టీబీయూ అనే వాటి గురించి కూడా అడుగుతుంటారు. కొన్ని వందల వోల్టుల దాకా ఓర్చుకుని, ఒక మైక్రోసెకన్ లోపు దారి తెంచే రక్షకాలు. బాగా పనిచేస్తాయి, కానీ ట్రిప్ కరెంట్ (దారి తెంచే హద్దు) పదుల, వందల మిల్లీయాంపియర్లు. టెలిఫోన్ లైన్లకీ ఇండస్ట్రియల్ డేటా లైన్లకీ చక్కని సరుకు, ఎలక్ట్రోమీటర్ ముందు పెట్టేది కాదు.

టీవీఎస్, గ్యాస్ ట్యూబ్: వాకిలి దగ్గరే

ఎస్‌ఎంఏజే5.0ఏ టీవీఎస్ 400 వాట్ల పల్స్ తాగుతుంది. 5 వోల్టుల దగ్గర దాని లీకేజీ ఎంతో తెలుసా? 800 మైక్రోయాంపియర్ల దాకా. కెపాసిటెన్స్ వెయ్యి పికోఫారాడ్‌ల పైమాటే. పైగా 43.5 యాంపియర్ల దగ్గర 9.2 వోల్టులకి గానీ ఆపదు, 5 వోల్టుల ఇన్‌పుట్‌కి అది కూడా ఎక్కువే. దీన్ని నేరుగా సున్నితమైన నోడ్ మీద పెట్టడమంటే గుమ్మానికి గోడ కట్టడం. దీని స్థానం కనెక్టర్ దగ్గర, లేదా పైన చెప్పిన క్లాంప్ రైళ్ల మీద. అక్కడ ఎంత లీకైనా సిగ్నల్‌కి తెలియదు.

గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్ (వోల్టేజీ పెరిగితే లోపలి వాయువు వెలిగి కరెంట్‌ని మళ్లించేది) స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. పల్స్ లేనప్పుడు దాదాపు లేనట్టే ఉంటుంది: లీకేజీ దారి రెసిస్టెన్స్ గిగాఓమ్ పైన, కెపాసిటెన్స్ ఒక పికోఫారాడ్ దరిదాపుల్లో. మౌనానికి మార్కులైతే ఇదే గెలవాలి. కానీ నిద్ర లేవడం ఆలస్యం. 90 వోల్టులదని రాసున్న ట్యూబ్, మైక్రోసెకన్‌కి కిలోవోల్టు వేగంతో వచ్చే పల్స్‌కి 500 వోల్టులు దాటాక వెలగొచ్చు. ఆ 500 వోల్టుల ముక్కని వెనకాల ఉన్న రెసిస్టర్లు గానీ మాస్‌ఫెట్లు గానీ భరించాలి, లెక్కలు 90కి కాదు, ఆ ముక్కకి వేయాలి. ట్యూబ్‌కీ క్లాంప్‌కీ మధ్య ఇంపెడెన్స్ లేకపోతే డయోడే ముందు మొత్తం కరెంట్ తాగేసి చస్తుంది, ట్యూబ్ వెలగనే వెలగదు. చిన్న నియాన్ బల్బు కూడా ఇలాగే పనిచేస్తుంది, దానికి అదనంగా ఒక వింత జబ్బు: పూర్తి చీకట్లో ఉంటే వెలగడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. మూసిన పెట్టెలో పెట్టేముందు ఇది గుర్తుండాలి.

లోపలే రక్షణ ఉన్న చిప్‌లు కూడా ఉన్నాయి. ఏడీఏ4177 ఆప్‌యాంప్ సప్లైకి 32 వోల్టులు బయట దాకా, ఏడీజీ5462ఎఫ్ ఛానల్ ప్రొటెక్టర్ ±55 వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. తప్పు వైరు తగిలించే చేతుల నుంచి కాపాడటానికి ఇవి హాయి. కిలోవోల్టు పల్స్‌కి ఇవి ముందువరస కావు.

బోర్డు మీద

ట్రాక్ ఇండక్టెన్స్ మిల్లీమీటర్‌కి సుమారు ఒక నానోహెన్రీ. ఐఈసీ 61000-4-2 ప్రకారం 8 కిలోవోల్టుల కాంటాక్ట్ డిశ్చార్జ్ ఒక నానోసెకన్ లోపే 30 యాంపియర్లకి లేస్తుంది. టీవీఎస్ నుంచి గ్రౌండ్‌కి 10 మిల్లీమీటర్ల ట్రాక్ ఉంటే దాని మీదే 300 వోల్టులు దాటి నిలబడతాయి, టీవీఎస్ ఎంత మంచిదైనా. కాబట్టి పల్స్ ముందుగా టీవీఎస్ ప్యాడ్‌ని తాకి, ఆ ప్యాడ్ నుంచే ముందుకు పోవాలి. పక్కకి కొమ్మ తీసి డయోడ్‌ని తగిలించకూడదు. పల్స్ గ్రౌండ్‌కి కనెక్టర్ దగ్గరే ఛాసిస్‌కి పోయే దారి ఉండాలి, ఆప్‌యాంప్ గ్రౌండ్ గుండా కాదు.

3 పికోయాంపియర్ల డయోడ్ కొని సోల్డరింగ్ ఫ్లక్స్ కడగకుండా వదిలేస్తే ఏమీ లాభం లేదు. 10 వోల్టుల రైలుకీ ఇన్‌పుట్‌కీ మధ్య 10 గిగాఓమ్‌ల మురికి ఉంటే ఒక నానోయాంపియర్. గార్డ్ రింగ్‌ని (ఇన్‌పుట్ చుట్టూ అదే వోల్టేజీలో ఉంచి లీకేజీని అడ్డుకునే ట్రాక్‌ని) డయోడ్ ప్యాడ్ చుట్టూ కూడా తిప్పాలి, చాలామంది ఆప్‌యాంప్ పిన్ను దగ్గరే ఆపేస్తారు.

క్లాంప్ డయోడ్లకి ఇంకో చెడ్డ గుణం, రేడియో సిగ్నల్ని రెక్టిఫై చేసి డీసీ ఆఫ్‌సెట్‌గా మార్చడం. పొడుగు కేబుల్ ఉన్న చోట, ఫోన్ దగ్గరకి తెస్తే రీడింగ్ కదిలితే, అనుమానించాల్సింది దీన్నే. సిరీస్ రెసిస్టర్‌ని రెండుగా చీల్చి మధ్యలోంచి గ్రౌండ్‌కి 10 పికోఫారాడ్‌లు పెడితే ఎక్కువగా తగ్గుతుంది.

ఒక మాట ముందే అనుకోవాలి: ఇవన్నీ యాంప్లిఫయర్‌ని బతికిస్తాయి, వెంటనే లేపవు. ఒక గిగాఓమ్, ఒక పికోఫారాడ్ ఫీడ్‌బ్యాక్ ఉంటే టైమ్ కాన్‌స్టంట్ ఒక మిల్లీసెకన్, పల్స్ తర్వాత బేస్‌లైన్ కుదురుకోవడానికి దానికి చాలా రెట్లు పడుతుంది. తొందర ఉంటే ఫీడ్‌బ్యాక్‌కి రీసెట్ స్విచ్ కావాలి, ఇంకో డయోడ్ కాదు.

పరీక్ష

100 పికోఫారాడ్‌ల హై వోల్టేజీ కెపాసిటర్‌ని కావలసిన వోల్టేజీకి ఛార్జ్ చేసి 1.5 కిలోఓమ్‌ల గుండా ఇన్‌పుట్‌లోకి వదలడం అందరికీ తెలిసిన మానవదేహ నమూనా. పొడుగు పల్స్ కావాలంటే కెపాసిటర్‌ని పెంచాలి, కానీ ఒక మైక్రోఫారాడ్ 1000 వోల్టుల దగ్గర అర జౌల్ దాచుకుంటుంది. దానికి బ్లీడర్ రెసిస్టర్ (ఛార్జిని మెల్లగా ఖాళీచేసేది) లేకుండా బెంచి మీద ఉంచకూడదు. రెండు దిక్కులా పదేసి పల్స్‌లు, బోర్డుకి పవర్ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి. పవర్ లేనప్పటి పరీక్షని వదిలేసేవాళ్లే ఎక్కువ, పల్స్ మాత్రం స్విచ్ చూసి రాదు.

పల్స్‌లకి ముందు, తర్వాత మూడు కొలవాలి: బయాస్ కరెంట్, ఆఫ్‌సెట్, 10 హెర్ట్జ్ లోపు నాయిస్. గెయిన్ ఒక్కటే చూసి బాగుందనుకోకూడదు, సగం చచ్చిన ఇన్‌పుట్ గెయిన్ మామూలుగానే ఇస్తుంది. లీకేజీ కాస్త పెరిగినట్టు కనిపించి, అది డయోడ్ సహజ లీకేజీయో దెబ్బతిన్న జంక్షన్‌దో తేలకపోతే బోర్డుని 25 నుంచి 45 డిగ్రీలకి వేడిచేసి మళ్లీ కొలవండి. ఆరోగ్యమైన జంక్షన్ లీకేజీ నాలుగింతలవుతుంది. వేడి పెరిగినా పెద్దగా కదలకపోతే, ఆ కరెంట్ చాలావరకు పల్స్ చేసిన కన్నం గుండానో, కడగని ఫ్లక్స్ గుండానో పోతోంది. ముందు కడిగి చూడండి, ఆ తర్వాత చిప్ మార్చండి.